మంచం పక్కన పరీక్ష, ఒకే బల్ల దగ్గర చదువు



ఆసుపత్రి వార్డులో అర్ధరాత్రి వేళ షుగరు ఉన్న మనిషికి ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడుతోందనుకోండి. రక్తం తీసి కింది అంతస్తులోని ల్యాబ్‌కు పంపి, రిపోర్టు కోసం ఎదురుచూసే రోజులు పోయాయి. డ్యూటీలో ఉన్న సిస్టర్ చిన్న మీటరు తీసుకుని మంచం దగ్గరకు వస్తారు. వేలి కొన గుచ్చి, చుక్క రక్తం స్ట్రిప్‌కు అందిస్తారు. కొన్ని సెకన్లలో అంకె పడుతుంది. గ్లూకోజు ఎక్కించాలా, ఇన్సులిన్ ఆపాలా అన్నది ఆ అంకెను చూసే నిర్ణయిస్తారు.

ఐసీయూలో రక్తంలోని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ చూపే ఏబీజీ యంత్రం, క్యాజువాలిటీలో గుండెపోటు అనుమానం వస్తే వాడే ట్రోపోనిన్ కార్డు, గర్భిణులకు హిమోగ్లోబిన్ చూసే చేతి యంత్రం, మన్యంలో ఆశా కార్యకర్త సంచిలో ఉండే మలేరియా కిట్టు, అన్నీ ఈ కోవలోవే. పరీక్ష ల్యాబ్ గడప దాటి రోగి మంచం దగ్గరకు వచ్చేసింది. దానితో పాటు రావలసిన చదువు మాత్రం ల్యాబ్‌లోనే ఉండిపోయింది. నర్సులూ ల్యాబ్ సిబ్బందీ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలన్నదే ఈ సాయంత్రం నేను మీ ముందు పెట్టదలచుకున్న విషయం.

ఇప్పుడింత సులువుగా కనిపిస్తున్న ఈ పరీక్ష మొదట్లో ఇలా లేదు. 1960ల నడిమిలో అమెరికాలోని ఏమ్స్ కంపెనీ డెక్స్‌ట్రోస్టిక్స్ అనే పట్టీ తెచ్చింది. దాని మీద పెద్ద చుక్క రక్తం వేసి, 60 సెకన్లు ఆగి, నీళ్లతో కడిగి, మిగిలిన రంగును సీసా మీది రంగులతో పోల్చుకోవాలి. గడియారం చూడటంలో, కడగటంలో, రంగు పోల్చటంలో చేతిని బట్టి ఫలితం మారిపోయేది. ఆ రంగును కంటికి బదులు యంత్రంతో కొలవడానికి 1970 ప్రాంతంలో అదే కంపెనీ ఒక మీటరు చేసింది. దాని బరువు కిలోకు పైమాటే. ఈనాటి మీటరు అరచేతిలో ఇమిడిపోతుంది. కడిగే పని లేదు, గడియారం చూసే పని లేదు. యంత్రం చిన్నదయ్యేకొద్దీ, దాన్ని వాడటానికి పెద్దగా నేర్చుకోవలసిందేమీ లేదన్న నమ్మకం పెరిగింది. చిక్కు అక్కడే మొదలైందని నా అభిప్రాయం.

కొత్త మీటరు ఆసుపత్రికి వచ్చిన రోజున సాధారణంగా ఏం జరుగుతుంది? కంపెనీ ప్రతినిధి వస్తారు. పగటి డ్యూటీలో ఉన్న సిస్టర్లను నర్సింగ్ స్టేషన్ దగ్గర నిలబెట్టి, స్ట్రిప్ ఎక్కడ పెట్టాలో, ఏ బటన్ నొక్కాలో చూపిస్తారు. రిజిస్టరులో సంతకాలు తీసుకుంటారు. రాత్రి డ్యూటీ వాళ్లకు పగటి డ్యూటీ వాళ్లు చెబుతారు, సెలవు నుంచి వచ్చినవాళ్లకు ఇంకొకరు చెబుతారు. నోటి నుంచి నోటికి అందేసరికి బటన్ సంగతి మిగులుతుంది, జాగ్రత్తలు జారిపోతాయి. ఈ వ్యవహారంలో ల్యాబ్ మనిషి చాలాచోట్ల ఉండనే ఉండరు. మీటరు ల్యాబ్ సామాను కాదు, వార్డు సామాను కదా అని వాళ్లూ ఊరుకుంటారు.

వీళ్లిద్దరి చదువులూ మొదటి నుంచీ వేరు. నర్సింగ్ చదువును 1947 నాటి చట్టం కింద ఏర్పడిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చూస్తూ వచ్చింది. ల్యాబ్ టెక్నాలజీ వాళ్ల కోసం ఇతర ఆరోగ్య వృత్తులతో కలిపి 2021లో మరో జాతీయ చట్టం వచ్చింది. కాలేజీలు వేరు, పరీక్షలు వేరు. ఉద్యోగంలో చేరాక వాళ్లు కలుసుకునేది శాంపిల్ కిటికీ దగ్గర, లేదా ఫోనులో.

"సిస్టర్, ఏడో బెడ్ శాంపిల్ గడ్డకట్టింది. మళ్లీ పంపించండి."

"మళ్లీనా? ఆ పెద్దాయనకు నరం దొరకడానికే అరగంట పట్టింది. ఈసారి మీరే వచ్చి తీసుకోండి, అన్నా!"

ఏ ఆసుపత్రిలోనైనా ఇలాంటి మాటలు వినబడతాయి. ఇద్దరూ అలసిపోయి ఉంటారు, ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంటుంది. ఆ శాంపిల్ ఎందుకు గడ్డకట్టిందో, ట్యూబును ఎన్నిసార్లు మెల్లగా తిరగేయాలో మంచం దగ్గర ఇద్దరూ కలిసి ఒక్కసారి చూసుకుని ఉంటే ఆ ఫోను వచ్చేది కాదు. ఇటలీలోని పాడువా నగరంలో ల్యాబ్ పొరపాట్లను లెక్కగట్టి 1997లో ప్రచురించిన అధ్యయనంలో మూడింట రెండు వంతుల పొరపాట్లు శాంపిల్ యంత్రంలోకి చేరకముందే జరిగినవని తేలింది. పేరు తప్పు రాయడం, తప్పు ట్యూబు, సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి రక్తం తీయడం, ఇలాంటివన్నమాట. మంచం పక్కన పరీక్షలో ఈ మొదటి అంచె మొత్తం నర్సు చేతిలోనే ఉంటుంది. అంకె తప్పని పట్టుకోవడానికి మధ్యలో మరో మనిషి ఉండరు.

వేలి కొన దగ్గర ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. రోగి అప్పుడే మామిడిపండు తిన్నాడు. చేతులు కడుక్కోలేదు. సిస్టర్ స్పిరిట్ దూదితో వేలు తుడిచి గుచ్చారు. పండు తొక్క తీసిన వేళ్ల మీద ఇలాంటి ప్రయోగమే చేసి, జపాన్ పరిశోధకులు 2011లో ఫలితాలు ప్రకటించారు. వేలి మీద అంటుకున్న చక్కెర వల్ల మీటరులో అంకె బాగా పెరిగిపోయింది. స్పిరిట్ దూదితో తుడిచినా ఆ చక్కెర పూర్తిగా పోలేదు, నీళ్లతో కడిగితేనే పోయింది. ఆ పెరిగిన అంకెను నమ్మి ఇన్సులిన్ ఇస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? స్పిరిట్ ఆరకముందే గుచ్చితే ఆ తడి రక్తపు చుక్కను పలచన చేస్తుంది. రక్తం రాలేదని వేలిని గట్టిగా పిండితే కణజాలంలోని నీరు కూడా కలిసి వస్తుంది. గ్లూకోజు బాటిల్ ఎక్కుతున్న చేతి వేలిని గుచ్చితే అంకె ఆకాశాన్నంటుతుంది. బీపీ పడిపోయి చేతులు చల్లబడిన మనిషికి వేలి కొనకు రక్తమే సరిగా అందదు. అలాంటప్పుడు ఆ చుక్క ఒంట్లోని అసలు పరిస్థితి చెప్పదు.

ఇంకొకటి మన రాష్ట్రాలకు బాగా పట్టేది. రక్తహీనత ఉన్నవాళ్లలో చాలా మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ షుగరు చూపిస్తాయి. ఎర్ర కణాలు బాగా ఎక్కువగా ఉండే పుట్టిన పసిబిడ్డల్లో ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి. కొత్త మీటర్లు కొన్ని ఈ తేడాను సరిచేసుకుంటాయి గానీ, దానికీ ఒక హద్దుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. కాబట్టి ప్రసూతి వార్డులో మీటరు 80 చూపిస్తే, అసలు షుగరు అంతకంటే తక్కువ ఉండవచ్చన్న ఆలోచన సిస్టర్‌కు తట్టాలి. మీటరు పెట్టెలోని కాగితంలో ఈ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది. ల్యాబ్ వాళ్లు ఆ కాగితం చదువుతారు. ఆ తల్లి హిమోగ్లోబిన్ ఎంతో సిస్టర్‌కు కేస్ షీటులో కనిపిస్తుంది. ఈ రెండు విషయాలూ ఒకచోటికి రావాలి.

రాకపోతే ఏమవుతుందో అమెరికాలో చూశారు. మూత్రపిండాలు పాడైన కొందరికి పొట్టలోకి ద్రవం పంపి డయాలసిస్ చేస్తారు. ఆ ద్రవాల్లో ఐకోడెక్స్‌ట్రిన్ అనేది ఒకటి. అది ఒంట్లో విరిగి మాల్టోజు అనే చక్కెరగా మారుతుంది. కొన్ని రకాల స్ట్రిప్పులు మాల్టోజునూ గ్లూకోజునూ వేరుచేయలేవు. లోపల షుగరు ప్రమాదకరంగా పడిపోతున్నా మీటరు మాత్రం ఎక్కువే చూపిస్తుంది. దాన్ని నమ్మి ఇన్సులిన్ ఇచ్చారు. 1997 నుంచి 2009 వరకు ఇలాంటి స్ట్రిప్పుల వాడకంతో ముడిపడిన 13 మరణాలు నమోదయ్యాయని, అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో ఆసుపత్రులను హెచ్చరించింది. ఆ స్ట్రిప్పులో ఏ ఎంజైము ఉందో ల్యాబ్ రసాయన శాస్త్రం చదివినవాళ్లకు తెలుసు. ఆ రోగి ఏ ద్రవంతో డయాలసిస్ చేయించుకుంటున్నాడో నర్సుకు తెలుసు. ప్రాణం నిలబెట్టే సమాచారం రెండు ముక్కలై రెండు అంతస్తుల్లో ఉంది. కలిసి శిక్షణ పొందడం ఎందుకని నన్ను ఎవరడిగినా, ముందుగా ఈ ఉదంతమే చెబుతాను.

నేర్చుకోవలసింది నర్సులే అనుకోకండి. ఏబీజీ సంగతి తీసుకుందాం. ధమని నుంచి సిరంజిలోకి తీసిన రక్తంలో గాలి బుడగ ఉంటే, ఆక్సిజన్ బాగా తక్కువ ఉన్న రోగికి కూడా మెరుగైన అంకె వస్తుంది. ద్రవరూపంలో ఉన్న హెపారిన్ సిరంజిలో ఎక్కువైతే కార్బన్ డయాక్సైడ్, కాల్షియం రెండూ తక్కువగా కనిపిస్తాయి. శాంపిల్ బల్ల మీద అరగంట దాటి ఆగితే అందులోని కణాలు ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి, ల్యాక్టేటు పెరుగుతుంది. ఇవి ల్యాబ్ వాళ్లు నేర్పాలి. మరి రోగికి అప్పుడు ఎంత శాతం ఆక్సిజన్ ఇస్తున్నారు? వెంటిలేటరులో మార్పు చేసి ఎంతసేపైంది? ఇప్పుడే గొంతులోని కఫం తీశారా? ఇవి తెలియకుండా ఆ కాగితం మీది అంకెలకు అర్థం లేదు. ఆక్సిజన్ పెంచిన రెండో నిమిషంలో తీసిన రక్తం పాత కథా చెప్పదు, కొత్త కథా చెప్పదు. కనీసం 20 నిమిషాలైనా ఆగాలి. ఐసీయూలో పనిచేసే సిస్టర్ ఇది మంచం దగ్గర నిలబడి ల్యాబ్ టెక్నీషియన్‌కు చూపిస్తే, ఆ టెక్నీషియన్ ఇక ఎప్పుడూ ఆక్సిజన్ శాతం రాయని ఏబీజీని మౌనంగా విడుదల చేయరు.

కంట్రోల్ ద్రవం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వార్డుల్లో ఎక్కువ విసుగు పుట్టించేది అదే. షుగరు ఎంత ఉందో ముందే తెలిసిన ద్రవాన్ని మీటరులో పెట్టి, అది సరైన అంకె చూపిస్తోందో లేదో చూసుకోవడం. దుకాణంలో తక్కెడను ముద్ర వేసిన తూకపు రాయితో సరిచూసినట్టే ఇది. రోజూ వచ్చిన అంకెను గీతల కాగితం మీద చుక్కగా పెడతారు. ఈ పద్ధతిని లెవీ, జెన్నింగ్స్ అనే ఇద్దరు 1950లో ఆసుపత్రి ల్యాబ్‌లకు తెచ్చారు. వారం రోజుల చుక్కలు మెల్లమెల్లగా ఒకవైపే జరుగుతున్నాయంటే, స్ట్రిప్పులు చెడుతున్నాయేమోనని అనుమానించాలి. రెంటచింతల, రామగుండం ఎండల్లో, కాకినాడ, విశాఖ తేమలో ఇది నిజంగా జరిగే పని. స్ట్రిప్పులు సాధారణంగా 30 డిగ్రీలు దాటని చోట ఉండాలి, డబ్బా మూత వెంటనే బిగించాలి, తెరిచిన తేదీ డబ్బా మీద రాయాలి. అయితే ఉత్తర్వుగా వచ్చినంతకాలం కంట్రోల్ పరీక్ష అదనపు చాకిరీగానే కనిపిస్తుంది. ఎండలో వదిలేసిన స్ట్రిప్పునూ మంచి స్ట్రిప్పునూ పక్కపక్కన పెట్టి, ఒకే ద్రవంతో సిస్టరే స్వయంగా చేసి చూడాలి. కళ్లారా చూసినదాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

అంటే శిక్షణ ఎలా ఉండాలన్నది దీన్నిబట్టే తెలుస్తుంది. సమావేశ మందిరంలో స్లయిడ్లు వేసి వంద మందిని కూర్చోబెడితే లాభం లేదు. వార్డులోనే, ఒక బల్ల దగ్గర, నలుగురు సిస్టర్లు, ఇద్దరు టెక్నీషియన్లు. తీపి తాకిన వేలు ఒకటి, కడిగిన వేలు ఒకటి గుచ్చి రెండు అంకెలూ చూడాలి. బుడగ ఉన్న సిరంజి, బుడగ తీసేసిన సిరంజి ఒకదాని తర్వాత ఒకటి యంత్రంలో పెట్టాలి. టెక్నీషియన్ చేత వణుకుతున్న చేతి నుంచి చుక్క రక్తం తీయించాలి. ఆ తర్వాత ఒక్కొక్కరు చేస్తుంటే మరొకరు చూసి, వచ్చిందని సంతకం చేయాలి. ఏడాది తిరిగేసరికి మళ్లీ చేయించాలి. పాఠం చెప్పేవాళ్లలో ఒక సీనియర్ సిస్టర్ తప్పకుండా ఉండాలని నేను పట్టుబడతాను. ల్యాబ్ డాక్టరు ఒక్కరే చెబితే అది తనిఖీలా మారుతుంది, ఎవరూ నోరు విప్పి తమ ఇబ్బంది చెప్పరు.

ఇది నా సొంత కోరిక మాత్రమే కాదు. మంచం పక్కన పరీక్షల కోసం ఐఎస్ఓ 22870 అనే ప్రమాణం 2006లోనే వచ్చింది. 2022లో దాన్ని ల్యాబ్‌ల ప్రధాన ప్రమాణమైన ఐఎస్ఓ 15189లో కలిపేశారు. మన దేశంలో ల్యాబ్‌లకు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఇచ్చేది ఆ ప్రమాణం మీదే. శిక్షణ, నైపుణ్యం సరిచూడటం, బాధ్యత ఎవరిదో తేల్చడం అన్నీ అందులో ఉన్నాయి. బ్రిటన్‌లోని పెద్ద ఆసుపత్రుల్లో శిక్షణ పూర్తిచేసినవాళ్ల గుర్తింపు సంఖ్య కొడితే తప్ప యంత్రం తెరుచుకోని ఏర్పాటు ఉంటుంది. అక్కడ పనిచేస్తున్న మన తెలుగు నర్సులకు ఇది అలవాటే. ఇక్కడ మరో జాగ్రత్త. బ్రిటన్ మీటర్లు షుగరును మిల్లీమోల్స్‌లో చూపిస్తాయి. మన 100 మిల్లీగ్రాములు అక్కడ 5.6. పిల్లలు విదేశాల నుంచి పంపిన మీటరులో 20 అని వస్తే, అది మన లెక్కలో 360. దాన్ని 20 మిల్లీగ్రాములనుకుని ఎవరైనా చక్కెర నీళ్లు తాగిస్తే ప్రమాదం.

పల్లెల్లో, ఏజెన్సీలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. ఆశా కార్యకర్త మలేరియా కార్డు మీద చుక్క రక్తం వేసి, కిట్టుతో వచ్చిన బఫర్ చుక్కలు లెక్కగా వేసి, కార్డు మీద రాసిన నిమిషాలకే చూడాలి. ఆలస్యంగా చూస్తే, బఫర్ అయిపోయిందని నీళ్లు వేస్తే, లేని గీత కనిపించవచ్చు. ఫాల్సిపేరం మలేరియా తగ్గిపోయాక కూడా కొన్ని వారాల పాటు కార్డు పాజిటివ్ చూపించవచ్చు. పీహెచ్‌సీలో టెక్నీషియన్ స్లయిడు చూసి జబ్బు లేదంటారు, ఆశా కార్డు ఉందంటుంది. ఊళ్లో ఎవరి మాట నమ్మాలి? ఇద్దరూ ఒకచోట కూర్చుని కారణం తెలుసుకుని ఉంటే ఆ కుటుంబానికి ఒకే మాట చెబుతారు. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమంలోనూ ఇంతే. అందులో ముందుగా చేసే సాల్యుబిలిటీ పరీక్ష పాజిటివ్ అయితే అది జబ్బా, కేవలం వాహక లక్షణమా అన్నది తేలదు. నిర్ధారణకు ల్యాబ్ పరీక్ష కావాలి. ఆ తేడా తెలియని మాట ఒకటి నోరు జారితే ఒక ఆడపిల్ల పెళ్లి సంబంధం ఆగిపోగలదు. పీహెచ్‌సీలో నెలవారీ సమావేశం ఎలాగూ జరుగుతుంది. అందులో ఒక గంట టెక్నీషియన్‌కూ ఏఎన్ఎం, ఆశాలకూ కలిపి ఇస్తే కొత్తగా ఖర్చయ్యేదేమీ లేదు.

సిస్టర్లకు తీరిక ఎక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. రాత్రిపూట పెద్ద వార్డును ఒకరిద్దరు సిస్టర్లు మోస్తున్నారు. ల్యాబ్ పనిని వాళ్ల నెత్తిన వేసి, శిక్షణ పేరుతో సెలవు రోజున పిలిపించడం అన్యాయం. శిక్షణ డ్యూటీ వేళల్లోనే జరగాలి, ఆ సమయానికి వార్డులో బదులు మనిషి ఉండాలి. రాత్రి డ్యూటీ వాళ్ల కోసం ల్యాబ్ వాళ్లే రాత్రి రావాలి. మీటరు అంకె రోగి పరిస్థితితో పొసగకపోతే ఏం చేయాలో కూడా అప్పుడే ఖాయం చేసుకోవాలి. షుగరు పడిపోయిన లక్షణాలుంటే ముందు చికిత్స, వెంటనే ల్యాబ్‌కు శాంపిల్, రాత్రి రెండు గంటలకైనా ఫోనెత్తే టెక్నీషియన్ పేరు గోడ మీద. ఫలితం చేతి వెనక రాసుకోకుండా, అక్కడికక్కడే పేరు, ఐపీ నంబరు, టైముతో కేస్ షీటులో రాయడం కూడా అందులో భాగమే.

నర్సింగ్ కాలేజీలకూ, ల్యాబ్ టెక్నాలజీ కాలేజీలకూ నాదొక విన్నపం. చివరి ఏడాది విద్యార్థులను ఒక వారం పాటు మార్చి వేయండి. నర్సింగ్ విద్యార్థిని శాంపిల్ కిటికీ లోపల కూర్చోవాలి, ల్యాబ్ విద్యార్థి తెల్లవారుజామున ఐదు గంటలకు వార్డులో సిస్టర్ పక్కన నిలబడాలి. చాలా బోధనాసుపత్రుల్లో రెండు కోర్సులూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి, కొత్త భవనం అక్కర్లేదు. ఆసుపత్రిలో ఉన్న శ్రోతలకు, వాళ్ల బంధువులకు కూడా ఒక మాట. వేలు గుచ్చే ముందు సబ్బుతో చేయి కడుక్కోవడానికి రెండు నిమిషాలు అడగండి. గుచ్చే సూదీ, సూది పెట్టే పెన్నూ మరొకరికి వాడినవి కావని అడిగి తెలుసుకోండి. సెలైన్ లేని చేతినే చాపండి. రక్తహీనత ఉందనో, డయాలసిస్ చేయించుకుంటున్నారనో సిస్టర్‌కు ముందే చెప్పండి.